ఫోన్ మారుస్తున్నారా? ఆథెంటికేటర్ కోడ్‌లను కొత్త ఫోన్‌కి తెచ్చుకోవడానికి ఏ దారి ఎవరికి మంచిది

2022 వానాకాలంలో ఒక సాయంత్రం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా గుమ్మం ముందు ఎక్స్‌ఛేంజ్ కుర్రాడు కొత్త ఫోన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. "సార్, పాతది రీసెట్ కొట్టి ఇచ్చేయండి, నేనింకా మధురవాడ దాకా వెళ్ళాలి" అన్నాడు. ఫోటోలు, కాంటాక్ట్‌లు, వాట్సాప్ అన్నీ ముందురోజే బ్యాకప్ పెట్టుకున్నాను కదా అన్న ధీమాతో రీసెట్ కొట్టి ఇచ్చేశాను. రాత్రి భోజనాలయ్యాక కొత్త ఫోన్‌లో గూగుల్ ఆథెంటికేటర్, అంటే లాగిన్‌కి ఆరంకెల కోడ్‌లు చూపించే యాప్, తెరిస్తే లోపల ఏమీ లేదు. యాప్ వచ్చింది, అందులో ఉండాల్సిన 14 ఖాతాలు రాలేదు.

వాటిలో తొమ్మిది ఖాతాలకి ఎస్ఎమ్ఎస్ ఓటీపీ గానీ, ఎప్పుడో దాచుకున్న బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ లేకున్నా లోపలికి వెళ్ళడానికి సైట్ ముందే ఇచ్చేవి) గానీ ఉండబట్టి బయటపడ్డాను. మూడు ఖాతాలు కస్టమర్ కేర్ వాళ్ళతో మాట్లాడి తెచ్చుకున్నాను. ఒక వెబ్‌సైట్ హోస్టింగ్ ఖాతా కోసం గుర్తింపు కార్డులు పంపుతూ 19 రోజులు తిరిగాను. ఒకటి మాత్రం ఇప్పటికీ రాలేదు. అప్పటినుంచి మా బంధువుల్లో ఎవరు ఫోన్ మార్చినా పాతది ఇచ్చేసే ముందు నాకు ఒక మాట చెప్పమంటాను. అలా నాన్నకి, బావకి, పిన్ని కూతురికి, ఆటోనగర్ అన్నయ్యకి దగ్గర కూర్చుని మార్చి పెట్టాక తెలిసింది ఏమిటంటే, అందరికీ ఒకే దారి సరిపోదు.

అసలు మారాల్సింది ఏమిటి

ఏదైనా సైట్‌లో టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే పద్ధతి) పెట్టుకున్నప్పుడు ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తారు, దాన్ని ఆథెంటికేటర్‌తో స్కాన్ చేస్తాం. ఆ క్యూఆర్‌లో ఉండేది ఒక రహస్య కీ. అది సైట్ దగ్గర ఒకటి, మన ఫోన్‌లో ఒకటి ఉంటుంది. ఆ కీని, అప్పటి టైమ్‌ని కలిపి లెక్క కడితే ఆరంకెల కోడ్ వస్తుంది. సాధారణంగా 30 సెకన్లకొకసారి మారుతుంది. దీన్ని టీఓటీపీ అంటారు, 2011లో ప్రమాణంగా ఖరారైంది. దీనికి నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. అటూ ఇటూ కీ ఒకటే అయి, టైమ్ సరిగ్గా ఉంటే చాలు.

కాబట్టి మారాల్సింది యాప్ కాదు, కీ. షాపులో చేసే డేటా ట్రాన్స్‌ఫర్‌లో చాలాసార్లు యాప్ మాత్రమే వస్తుంది. కీ వచ్చిందో లేదో మనమే చూసుకోవాలి.

ఎంచుకునే ముందు

మొదటి ప్రశ్న, పాత ఫోన్ ఇంకా చేతిలో ఉందా, డిస్‌ప్లే పనిచేస్తోందా? మన సముద్రపు గాలికి ఛార్జింగ్ పిన్ను తుప్పు పట్టి ఫోన్ ఒక్కసారిగా మొండికేయడం ఇక్కడ కొత్త కాదు. అందుకే ఇవాళ ఫోన్ బాగానే ఉన్నా, రేపు ఇది ఆన్ కాకపోతే ఏమిటి అని ఆలోచించి దారి ఎంచుకోవాలి. నా మటుకు ఇదే అన్నిటికన్నా పెద్ద కొలత. రెండోది, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి గానీ అటునుంచి ఇటు గానీ వెళ్తున్నారా? మూడోది, కీలు ఎవరి దగ్గర ఉండటం మీకు ఇష్టం: మీ ఫోన్‌లోనా, ఒక కంపెనీ సర్వర్‌లోనా? నాలుగోది, ఇంకొక పాస్‌వర్డ్ గుర్తుంచుకోవడం మీవల్ల అవుతుందా? ఖాతాలు ఎన్ని ఉన్నాయన్నది వీటి తరవాతి లెక్క.

| దారి | పాత ఫోన్ పనిచేయాలా | ఆండ్రాయిడ్, ఐఫోన్ మధ్య | కీ ఎక్కడుంటుంది | ఎక్కడ దెబ్బతింటాం |
|---|---|---|---|---|
| క్యూఆర్‌తో ఎక్స్‌పోర్ట్ | తప్పకుండా | కుదురుతుంది | ఫోన్‌లోనే | పాత ఫోన్ పాడైతే దారి మూసుకుపోతుంది |
| క్లౌడ్ సింక్ | అక్కర్లేదు | యాప్‌ని బట్టి | కంపెనీ సర్వర్‌లో | ఆ క్లౌడ్ ఖాతాలోకే వెళ్ళలేకపోతే |
| పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్ | ఫైల్ బయట ఉంటే అక్కర్లేదు | యాప్‌ని బట్టి | మీ దగ్గరే | పాస్‌వర్డ్ మరిచిపోతే |
| ఒక్కో సైట్‌లో కొత్తగా | కావాలి, లేదా బ్యాకప్ కోడ్‌లు | ఇబ్బంది లేదు | ఫోన్‌లోనే | సమయం, ఓపిక |

క్యూఆర్‌తో ఎక్స్‌పోర్ట్

గూగుల్ ఆథెంటికేటర్‌లో మెనూ తెరిచి ఖాతాల బదిలీకి వెళ్తే ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అని రెండుంటాయి. పాత ఫోన్‌లో ఎక్స్‌పోర్ట్, కొత్త ఫోన్‌లో ఇంపోర్ట్. ఒక్కో క్యూఆర్‌లో పది ఖాతాల వరకు పడతాయి. పిన్ని కూతురికి 23 ఖాతాలుంటే మూడు క్యూఆర్‌లు వచ్చాయి. మొదటిది స్కాన్ అవగానే పని అయిపోయిందనుకుని ఫోన్ పక్కన పెట్టేయబోయింది. "ఆగమ్మా, ఇంకా రెండున్నాయి" అని నెక్స్ట్ నొక్కించాను. ఈ పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది.

పాత ఫోన్ బాగుంటే ఇంతకంటే త్వరగా అయ్యే దారి లేదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ తేడా లేదు. నెట్ కూడా అక్కర్లేదు. ఏజిస్, టూఎఫ్ఏఎస్, ఎంటె ఆథ్ లాంటి వేరే యాప్‌లు కూడా ఈ ఎక్స్‌పోర్ట్ క్యూఆర్‌ని చదువుతాయి కాబట్టి, యాప్ మారడానికి కూడా ఇదే వంతెన.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ క్యూఆర్ తెరమీద ఉన్నంతసేపూ మీ అన్ని ఖాతాల కీలూ బయట ఉన్నట్టే. ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోకండి. అది గ్యాలరీలోంచి ఫోటోల బ్యాకప్‌లోకి, అక్కడినుంచి ఇంకెక్కడికో పోతుంది. షాపు కౌంటర్ మీద ఈ పని చేయకండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. "మీ ఖాతాలు మార్చి పెడతాం, ఆ క్యూఆర్ పంపండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ళు దొంగలే.

క్లౌడ్ సింక్

గూగుల్ ఆథెంటికేటర్‌కి ఇది 2023 ఏప్రిల్‌లో వచ్చింది. యాప్‌లో గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ అయితే కీలన్నీ ఆ ఖాతాలోకి చేరతాయి, కొత్త ఫోన్‌లో సైన్ ఇన్ అవగానే వచ్చేస్తాయి. నా 2022 కథ ఒక ఏడాది తరవాత జరిగి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు. అయితే మొదలుపెట్టినప్పుడు దీనికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే కంపెనీ కూడా తెరవలేని తాళం, లేదు. అంటే మీ గూగుల్ ఖాతా ఎవరి చేతికైనా చిక్కితే, దాంతోపాటు మిగతా ఖాతాల కోడ్‌లు కూడా చిక్కే ప్రమాదం ఉంది. గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గట్టిగా లేనివాళ్ళు ముందు అది చూసుకోవాలి.

ఇందులో ఒక మడత ఉంది. ఆథెంటికేటర్ కీలు గూగుల్ ఖాతాలో దాచాం. ఆ గూగుల్ ఖాతాలోకి వెళ్ళాలంటే ఆథెంటికేటర్ కోడ్ అడుగుతోంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. గూగుల్ ఖాతాకి రెండో దారి ఒకటి, అంటే నంబర్‌కి ఓటీపీ గానీ, కాగితం మీద బ్యాకప్ కోడ్‌లు గానీ లేకుండా సింక్ మీద ఆధారపడకండి.

మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌కి కూడా క్లౌడ్ బ్యాకప్ ఉంది కానీ, ఆండ్రాయిడ్‌లో తీసిన బ్యాకప్ ఐఫోన్‌లో తిరిగి రాదు, అటుది ఇటు రాదు. పైగా ఆఫీసు ఖాతాలకు పేరు మాత్రమే తిరిగొస్తుంది, మళ్ళీ సైన్ ఇన్ కావాల్సిందే. ఆథీ యాప్ ఫోన్ నంబర్‌కి ముడిపడి, బ్యాకప్ పాస్‌వర్డ్‌తో నడుస్తుంది. అందులోంచి కీలు బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ సదుపాయమే లేదు. 2024 మార్చిలో కంప్యూటర్ యాప్‌లు కూడా ఆపేశారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను ఆథీ చెప్పను. లోపలికి వెళ్ళాక బయటికి రావడం కష్టమయ్యే ఇల్లు ఎందుకు?

క్లౌడ్‌లో నాకు నచ్చినది ఎంటె ఆథ్. ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటర్ అన్నిటిలోనూ ఉంటుంది. కీలు మన ఫోన్‌లోనే తాళం పడి సర్వర్‌కి వెళ్తాయి, వాళ్ళకి కూడా కనిపించవు. యాప్ రాసిన ప్రోగ్రామ్ (సోర్స్ కోడ్) అంతా ఎవరైనా చదువుకోవడానికి బయట పెట్టారు. దీనికి మనం కట్టే మూల్యం ఒకటుంది. పాస్‌వర్డ్ మరిచిపోయి, వాళ్ళిచ్చే 24 మాటల రికవరీ కీ కూడా పోగొట్టుకుంటే కీలు ఎవరూ తెచ్చివ్వలేరు.

పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్

ఏజిస్ (ఆండ్రాయిడ్‌కి మాత్రమే), టూఎఫ్ఏఎస్ (రెండింటికీ) ఈ దారి ఇస్తాయి. కీలన్నీ ఒక ఫైల్‌గా తీసి, పాస్‌వర్డ్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉంచుకోవచ్చు. ఏ కంపెనీ మీదా ఆధారపడాల్సిన పని లేదు. నేను వాడేది ఏజిస్. కానీ ఈ ఫైల్‌ని పాస్‌వర్డ్ లేకుండా కూడా తీయవచ్చు, అక్కడే జాగ్రత్త. ఆ పాస్‌వర్డ్ లేని ఫైల్ మెయిల్‌లో పడిందంటే క్యూఆర్ ఫోటో తీసినట్టే. ఇంకొకటి, కొత్త ఖాతా చేర్చినప్పుడల్లా మళ్ళీ ఫైల్ తీయాలి, లేదా ఆటోమేటిక్ బ్యాకప్ పెట్టుకోవాలి. ఆ అలవాటు లేనివాళ్ళకి ఇది పనికిరాదు.

ఒక్కో సైట్‌లో కొత్తగా పెట్టుకోవడం

సైట్‌లోకి వెళ్ళి, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో పాత ఆథెంటికేటర్ తీసేసి, కొత్త ఫోన్‌తో కొత్త క్యూఆర్ స్కాన్ చేయడం. ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా ఇరవై ఖాతాలకు ఒక మధ్యాహ్నం పోతుంది. అయినా ఒక సందర్భంలో ఇది తప్ప వేరే మార్గం లేదు. పైన చెప్పిన మూడు దారులూ కీని కాపీ చేస్తాయే గానీ మార్చవు. పాత ఫోన్ కాంప్లెక్స్ బస్టాండ్‌లో ఎవరో కొట్టేశారనుకోండి. అందులో ఉన్న పాత కీలు ఇంకా చెల్లుతాయి. సైట్‌లో కొత్తగా పెట్టుకున్నప్పుడే పాత కీ చచ్చిపోతుంది. ఫోన్ దొంగతనం జరిగితే ఎంత ఆలస్యమైనా ఇదే చేయండి, ముందు మెయిల్‌తో మొదలుపెట్టండి.

ఏ దారిలోనూ కదలనివి

బ్యాంక్ యాప్‌లు, యూపీఐ వీటితో రావు. అవి సిమ్‌కి, ఫోన్‌కి కలిపి ముడి వేస్తాయి. కొత్త ఫోన్‌లో ఆ సిమ్ నుంచే ఒక ఎస్ఎమ్ఎస్ వెళ్ళి మళ్ళీ నమోదు కావాలి. మొదటి 24 గంటలు (ఐఫోన్‌లో ఇంకా ఎక్కువసేపు కూడా కావచ్చు) యూపీఐ పంపకాల మీద తక్కువ పరిమితి కూడా ఉంటుంది. సిమ్ కూడా మార్చారంటే, కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆగుతాయి. సిమ్ మార్పిడి మోసాలను ఆపడానికి పెట్టిన నియమం అది, మంచిదే. కాబట్టి ఫోన్, సిమ్ ఒకే రోజు మార్చకండి. ఫీజు కట్టాల్సిన చివరి తేదీ ముందురోజు అసలు మార్చకండి.

వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్ పెట్టుకున్నవాళ్ళు ఆ పిన్ గుర్తుందో లేదో పాత ఫోన్‌లోనే చూసుకోండి.

ఆటోనగర్‌లో సరుకు పంపేవాళ్ళకి ఇంకొకటి. సరుకు రవాణాకి బిల్లు తీసుకునే ఈ-వే బిల్ పోర్టల్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ టూ ఫ్యాక్టర్ తప్పనిసరి. ఓటీపీ మూడు రకాలుగా తీసుకోవచ్చు: ఎస్ఎమ్ఎస్, సందేశ్ యాప్, ఎన్ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్. షీల్డ్ యాప్ నెట్ లేకున్నా కోడ్ ఇస్తుంది, కానీ కొత్త ఫోన్‌లో రిజిస్టర్ అయిన నంబర్‌తోనే మళ్ళీ పెట్టుకోవాలి. సబ్ యూజర్లకు (అదే ఖాతా కింద వేరే లాగిన్ ఉన్నవాళ్ళకి) ఓటీపీ వాళ్ళ వాళ్ళ నంబర్లకే వెళ్తుంది. అందుకే అన్నయ్యకి చెప్పాను, గుమాస్తా పేరున వేరే సబ్ యూజర్ పెట్టు, ఇద్దరూ ఒకే వారం ఫోన్‌లు మార్చకండి అని. రాత్రి పదింటికి లారీ లోడై నిలబడితే ఓటీపీ కోసం ఎవరి కాళ్ళు పట్టుకుంటాం?

ఎవరికి ఏది

నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఆయనకి ఉన్నవి మెయిల్, షేర్ల ఖాతా, ఇంకో రెండు. కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి గుర్తుంచుకోమనడం అన్యాయం. ఆయనకి గూగుల్ సింక్ పెట్టి, గూగుల్ ఖాతాకి నంబర్ ఓటీపీ కూడా ఉంచి, పది బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి పాస్‌బుక్ కవర్‌లో పెట్టాను. మొదటిసారి ఆయన ఇంకు పెన్నుతో రాసి బీరువా పై అరలో పెట్టుకున్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి చెమ్మకి 3 ఏదో 8 ఏదో తెలియకుండా పోయింది. మన ఊళ్ళో కాగితం దాస్తే ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి దాయాలి. ఇంకో కాపీ అనకాపల్లిలో అక్క దగ్గర ఉంది.

బావ ఓడ మీద ఇంజినీరు. "పోర్టు దాటామంటే సిగ్నల్ ఉండదురా, ఓటీపీ ఎక్కడ్నుంచి వస్తుంది?" అని ఎప్పుడూ అంటుంటాడు. ఆయనకి టీఓటీపీ దొరికే ప్రతిచోటా ఎస్ఎమ్ఎస్ వదిలేసి అదే పెట్టాం. నెలల తరబడి ఊరికి దూరంగా ఉంటాడు కాబట్టి ఒక్క ఫోన్ మీద ఉంచడం తప్పు. ఎంటె ఆథ్ ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి. రికవరీ కీ కాగితం ఇంట్లో అక్క దగ్గర. సముద్రంలో ఫోన్ పాడైనా ల్యాప్‌టాప్‌లో కోడ్ వస్తుంది.

రుషికొండ ఐటీ హిల్ మీదో మధురవాడలోనో పనిచేసేవాళ్ళు ఆఫీసు ఖాతాలనీ సొంత ఖాతాలనీ విడదీయండి. ఆఫీసువి ఐటీ డెస్క్ చెప్పిన యాప్‌లోనే ఉంచి, ఫోన్ మార్చే ముందు వాళ్ళకి చెప్పండి. రాసిన ప్రోగ్రామ్‌లను పెట్టుకునే గిట్‌హబ్ లాంటి చోట, టూ ఫ్యాక్టర్ పోయి రికవరీ కోడ్‌లు కూడా లేకపోతే ఖాతా తిరిగి ఇవ్వలేమని వాళ్ళే చెబుతారు. అలాంటివాటికి ఫైల్ దారి, పక్కన రికవరీ కోడ్‌లు, రెండూ ఉండాలి.

ఏయూలో చదివే పిన్ని కూతురు ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారింది. తనకి క్యూఆర్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ తరవాత సింక్ ఆన్ చేశాం. తనకి ఏజిస్ చెప్పి ఉంటే ఐఫోన్‌లో ఆ యాపే దొరికేది కాదు.

ఇక మనందరికీ వర్తించేది తుఫాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అప్పుడు ఎస్ఎమ్ఎస్ ఓటీపీ రాదు. ఆథెంటికేటర్ పనిచేస్తుంది కానీ ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి. సిగ్నల్, ఛార్జింగ్ రెండూ లేకున్నా చేతిలో ఉండేది బ్యాకప్ కోడ్‌ల కాగితమే. ఏ దారి ఎంచుకున్నా ఈ కాగితం పక్కన ఉండాలనేది అందుకే.

మార్చే రోజు

రెండు ఫోన్‌లూ ఛార్జింగ్ పెట్టి, టేబుల్ మీద పక్కపక్కన ఉంచండి. రెండింటిలోనూ టైమ్ ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. మొన్న మా ఇంట్లో ఒక ఫోన్‌లో 482 913 అని, ఇంకోదాంట్లో వేరే అంకెలు వస్తుంటే కీ తప్పు వచ్చిందని కంగారుపడ్డాం. చూస్తే పాత ఫోన్ గడియారం ఎవరో చేత్తో మార్చి రెండు నిమిషాలు ముందు పెట్టారు. అది సరిచేయగానే రెండు తెరల మీదా ఒకే ఆరంకెలు, ఒకేసారి మారాయి. రెండు ఫోన్‌లలోనూ ఒకే కోడ్ కనిపిస్తే కీ సరిగ్గా వచ్చినట్టే.

అక్కడితో ఆగకండి. మెయిల్, షేర్ల ఖాతా, హోస్టింగ్ లాంటి ముఖ్యమైన మూడు నాలుగింటిలో లాగ్ ఔట్ అయి, కొత్త ఫోన్ కోడ్‌తో మళ్ళీ లాగిన్ అవండి. అన్నీ తెరుచుకున్నాక కూడా పాత ఫోన్‌లో యాప్ తీసేయకండి. వారం రోజులు సొరుగులో ఉంచండి. ఏడాదికోసారి తెరిచే ఖాతా ఏదో ఒకటి ఆ వారంలోనే గుర్తొస్తుంది. ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో పాతది డెలివరీ రోజే ఇచ్చేయాలి కాబట్టి, ఆ ఆఫర్ తీసుకునేవాళ్ళు ముందురోజే ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో కీలు తీసి పెట్టుకోవాలి. అది కుదరకపోతే ఎక్స్‌ఛేంజ్ మానేసి, పాతది పది రోజులాగి డాబా గార్డెన్స్‌లో అమ్ముకోండి. కొన్ని వందలు తక్కువ వచ్చినా ఫర్వాలేదు.

పాత ఫోన్ ఇప్పటికే పోయి ఉంటే

ఇంట్లో ఏదైనా ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి ఉన్న ఖాతాలుంటే వాటిలోంచి లాగ్ ఔట్ కావద్దు, బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేయవద్దు. చాలా సైట్‌లలో ఆ లాగిన్‌లోంచే ఆథెంటికేటర్ మార్చుకోవచ్చు, లేదా కొత్త బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు. మెయిల్ మొదట తెచ్చుకోండి, మిగతావాటి రికవరీ లింకులు దాని చుట్టూనే తిరుగుతాయి. సిమ్ కూడా పోతే అదే నంబర్‌కి కొత్త సిమ్ తీసుకుని, ఎస్ఎమ్ఎస్ కోసం ఒక రోజు ఆగండి. ఆ గ్యాప్‌లో టెన్షన్‌తో కోడ్ మళ్ళీ మళ్ళీ తప్పు కొడితే ఖాతా లాక్ అవుతుంది. ఫోన్ దొంగిలించినవాళ్ళు డబ్బు తీసినట్టు కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేసి, బ్యాంక్‌కి చెప్పండి. కీల సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు.